కొత్తగా చేరిన పెద్దవాళ్ళ మందుల చార్టు: మొదటి రాత్రి తప్పు జరగకుండా ఏ వరసలో చేయాలి?

నాగావళి_గట్టు
శ్రీకాకుళం టౌన్‌లో వృద్ధాశ్రమం. ముప్పై పడకలు. రాత్రి డ్యూటీలో ఒక్క జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా చేసిన) సిస్టర్, మిగతావాళ్ళంతా ఆయాలు. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వస్తారు, మిగతా రోజులు ఫోన్లో దొరుకుతారు.

కొత్తవాళ్ళు ఎక్కువగా ఆసుపత్రిలో డిశ్చార్జి అయి సాయంత్రం అయిదు దాటాకే దిగుతారు. కొడుకో కోడలో ఒక చేత్తో డిశ్చార్జి కాగితం, ఇంకో చేత్తో మందుల సంచి పట్టుకొస్తారు. ఇప్పటిదాకా ఆ కాగితం చూసి చార్టులోకి ఎక్కించేస్తున్నాం. అది చాలదని తెలుసు. ఏం అడగాలి, ఎవరితో సరిచూసుకోవాలి, ఏ మందు పొద్దున్నదాకా ఆగుతుంది, ఏది ఆగదు? పని తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

సిస్టర్_టెక్కలి
ఒక్క కాగితం చూసి చార్టు రాయడంలోనే తప్పు మొదలవుతుంది. డిశ్చార్జి కాగితంలో ఆసుపత్రివాళ్ళు కొత్తగా రాసినవి ఉంటాయి, కింద "పాత మందులు కొనసాగించండి" అని ఒక వాక్యం ఉంటుంది. ఆ పాత మందులేవో అందులో ఉండవు. సంచిలో చూస్తే ఆపేసిన మందులు కూడా ఉంటాయి. మనిషి నిజంగా మింగుతున్నవి ఈ రెండిటిలో దేనితోనూ పూర్తిగా కలవవు.

అందుకని మూడూ పక్కపక్కన పెట్టాలి: కాగితం, సంచి, మింగుతున్నది. ఒక తెల్లకాగితం మీద మూడు గళ్ళు గీసి ఒక్కో మందుకి ఒక్కో వరస రాయండి. మూడు గళ్ళూ కలిసినవి చార్టుకి వెళ్తాయి. ఒక గడి ఖాళీగా ఉన్న ప్రతి వరసా డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న. సిస్టరు సొంతంగా తేల్చేది కాదు.

సంచి మొత్తం టేబుల్ మీద బోర్లించండి. బీరువాలో, హ్యాండ్‌బ్యాగులో, దిండు కింద ఇంకేమైనా ఉన్నాయా అని అడగండి. మందు అంటే జనానికి బిళ్ళే గుర్తొస్తుంది. కాబట్టి కంటి చుక్కలు, ముక్కు స్ప్రే, పీల్చే మందు, ఒంటికి అంటించే ప్యాచ్, పూత, వారానికో నెలకో వేసే ఇంజెక్షన్, ఆయుర్వేదం, చూర్ణం, టానిక్ పేరుపేరునా అడగాలి. "ఇంకేమైనా ఉన్నాయా?" అంటే లేవంటారు. "కంట్లో చుక్కలు వేస్తున్నారా?" అంటే అప్పుడు గుర్తొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం చివరి మోతాదు ఎప్పుడు పడింది అన్నది. డిశ్చార్జి కాగితంలో ఇది సాధారణంగా ఉండదు. వార్డులో సాయంత్రం నాలుగున్నరకి ఇన్సులిన్ వేసి పంపుంటారు, ఇక్కడ ఏడున్నరకి చార్టు ప్రకారం మళ్ళీ వేసేస్తారు. రక్తం పలచబడే మందుకీ ఇదే ప్రమాదం. మనిషి బండి దిగకముందే, బయల్దేరేటప్పుడే వార్డు సిస్టరుకి ఫోన్ చేయించి ప్రతి మందుకీ చివరి మోతాదు తేదీ, గంట రాయించుకోండి. రాత్రి ఎనిమిది దాటితే ఆ షిఫ్టు మారిపోతుంది, మరి చెప్పేవాళ్ళుండరు.

మందులకొట్టు_రాజాం
సిస్టర్ చెప్పిన మూడు గళ్ళకి ముందు ఇంకో గడి కావాలి: మందు అసలు పేరు. కంపెనీ పేరుతో చార్టు రాస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. రోజూ కౌంటర్ మీద కనబడే జతలు ఇవి.

ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ ఉంది. పక్కనే అటోర్వా విడిగా ఉంటే కొలెస్టరాల్ మందు రెండింతలు. ఎకోస్ప్రిన్ గోల్డ్ అయితే రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్ కూడా కలిసే ఉంటుంది. దాని పక్కన క్లోపిటాబ్ కనబడితే ఆగి అడగండి.

సుగరు బిళ్ళ గ్లైకోమెట్ జీపీ అంటే మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ. ఆసుపత్రివాళ్ళు అమారిల్ విడిగా రాసి, ఇంటి సంచిలో జీపీ ఉంటే గ్లిమెపిరైడ్ రెండుసార్లు వెళ్తుంది. తెల్లవారుజామున సుగరు పడిపోవడానికి ఇదొక్కటి చాలు.

బీపీ బిళ్ళ టెల్మా ఏఎంలో ఆమ్లోడిపిన్ ఉంది, టెల్మా హెచ్‌లో ఉన్నది వేరే మందు. టెల్మా, టెల్మా ఏఎం, టెల్మా హెచ్ మూడూ ఒకే ఇంట్లో వేర్వేరు నెలల్లో కొన్నవి దొరుకుతాయి. ఒంట్లో నీరు తీసే డైటార్, డైటార్ ప్లస్ కూడా ఒకటి కాదు. ప్లస్‌లో స్పైరోనోలాక్టోన్ కలుస్తుంది, అది పొటాషియం పెంచుతుంది.

పారాసెటమాల్ అయితే ఎక్కడెక్కడో దాక్కుంటుంది. డోలో 650లో ఉంది, అల్ట్రాసెట్‌లో ఉంది, జీరోడాల్ పీలో ఉంది. బక్కచిక్కిన పెద్దవాళ్ళకి అన్నీ కలిపి రోజుకి మూడు గ్రాములు దాటనివ్వరు.

జనౌషధి కొట్లో కొన్నవాటి మీద అసలు పేరే పెద్దగా ఉంటుంది, కాబట్టి వాటితో పని తేలిక. తంటా అంతా కత్తిరించిన పట్టీలతోనే. పది బిళ్ళల పట్టీని నాలుగు బిళ్ళలకి కోస్తే పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. పేరు, పవరు, గడువు మూడూ చదవగలిగితేనే వాడండి. కాగితప్పొట్లంలో విడి బిళ్ళలొస్తే రంగు చూసి గుర్తుపట్టే ప్రయత్నం వద్దు. పక్కన పెట్టేయడమే.

పెద్దచెరువు
మరి జనం చెప్పే పేర్ల సంగతేటి? "గేస్ బిళ్ళ", "నరాల బిళ్ళ", "బలం బిళ్ళ" అంటారు. మా విజయనగరం వైపు సగంమంది ఇలగే చెప్తారు.

మందులకొట్టు_రాజాం
గేస్ బిళ్ళ దాదాపు ఎప్పుడూ పాంటోప్రజోలో రాబెప్రజోలో అవుతుంది, దాంతో పెద్ద భయం లేదు. నరాల బిళ్ళ అంటే మాత్రం ఆగాలి. అది వట్టి బీ12 విటమిన్ కావొచ్చు, కాళ్ళ మంటలకి ప్రిగాబలిన్ కావొచ్చు, మూర్ఛకి ఎప్టోయిన్ కావొచ్చు, నిద్రకి ఆల్ప్రాజోలాం కూడా కావొచ్చు. మొదటిది నెలరోజులు మానేసినా ఏమీ కాదు. ఎప్టోయిన్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. ఆల్ప్రాజోలాం ఏళ్ళ తరబడి వేసుకుంటున్నవాళ్ళకి ఉన్నపళాన ఆపితే వణుకు, అయోమయం వస్తాయి. అదంతా కొత్తచోటు బెంగ అనుకుంటారు అందరూ. ఎప్పటినుంచి వాడుతున్నారు, ఏ డాక్టరు రాశారు, ఏ కొట్లో కొంటారు అని అడగండి. ఆ కొట్టుకి ఫోన్ చేస్తే బిల్లుల్లో పేరు దొరుకుతుంది.

గంటస్తంభం
జనరల్ ఫిజీషియన్‌గా నాగావళి గారి చివరి ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. డాక్టరు ఫోన్లో దొరికేదాకా ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

ఒక పూట ఆగినా పరవాలేనివి: కొలెస్టరాల్ మందు, కాల్షియం, విటమిన్లు, టానిక్కులు, గేస్ బిళ్ళ, థైరాయిడ్ బిళ్ళ.

ఆగకూడనివి: మూర్ఛ మందులు, పార్కిన్సన్స్ మందు, రోజూ మింగుతున్న స్టెరాయిడ్, ఇన్సులిన్, పీల్చే మందులు, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) చుక్కలు, మెటోప్రోలాల్ లాంటి గుండె మందులు, కొత్తగా స్టెంట్ వేసినవాళ్ళ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. ఇవి కాగితంలో ఉండి సంచిలో లేకపోతే రాత్రికి రాత్రే తెప్పించాలి. సంచిలో ఉండి కాగితంలో లేకపోతే ఆ రాత్రే ఫోన్ చేయాలి.

పార్కిన్సన్స్ విషయంలో గంట తేడా వచ్చినా మనిషి బిగుసుకుపోతాడు. ఉదయం ఆరు, పదకొండు, నాలుగు అని ఇంట్లో అలవాటైతే ఆశ్రమం గంటలకి మార్చకండి. పార్కిన్సన్స్ మందు సిండోపాలో సిండోపా 110, సిండోపా ప్లస్, సిండోపా సీఆర్ (మెల్లగా విడుదలయ్యేది) మూడూ వేర్వేరు. సీఆర్‌ని నలగ్గొట్టకూడదు. ఇలాంటివాళ్ళకి వాంతులని పెరినార్మ్ గానీ స్టెమెటిల్ గానీ ఇస్తే వ్యాధి ఎక్కువవుతుంది, ఆ మాట చార్టు పైన ఎర్రగా రాయండి.

స్టెరాయిడ్ గురించి ఒక మాట. తగ్గించుకుంటూ పోయే మోతాదు రాసుంటే మొదలైన తేదీ లేకుండా దానికి అర్థం లేదు. "20 మిల్లీగ్రాములు అయిదు రోజులు, తర్వాత 10 అయిదు రోజులు" అన్నప్పుడు ఇవాళ ఎన్నో రోజో ముందు తేల్చి, చార్టులో ప్రతి రోజుకీ తేదీ వేసి మోతాదు రాసేయండి. యాంటీబయాటిక్‌కీ అంతే. ఆపే తేదీ లేని యాంటీబయాటిక్ చార్టులోకి ఎక్కకూడదు.

సిస్టర్_టెక్కలి
డాక్టరుగారు వారం మందుల సంగతి రాయలేదు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి ఇచ్చేది. ఆయాకి రోజూ ఇవ్వడం అలవాటు, చార్టు గళ్ళు కూడా రోజువారీవే. అలా వరసగా కొన్ని రోజులు పడితే నోట్లో పుళ్ళు, ఎముకమజ్జ దెబ్బతినడం, ప్రాణం మీదికి రావడం. మెథోట్రెక్సేట్‌కి ఏ వారమో పేరు రాయండి, "బుధవారం మాత్రమే" అని. మిగతా ఆరు గళ్ళలో అడ్డగీత కొట్టేయండి. ఆ బిళ్ళలు మామూలు ట్రేలో ఉంచకుండా సిస్టరు తాళంలో ఉంచండి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ వేరే రోజున రాస్తారు, రెండూ పసుపు రంగులో ఉండే బిళ్ళలే కాబట్టి తారుమారు కాకుండా చూడాలి.

విటమిన్ డీ 60,000 యూనిట్లదీ, ఎముకలకిచ్చే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములదీ వారానికొకటే. గుండె మందు డిగాక్సిన్ చాలామందికి వారంలో అయిదు రోజులే రాస్తారు, ఆ రెండు సెలవు రోజులు ఏవో అడగాలి. రక్తం పలచబడే ఎసిట్రోమ్ లాంటివి ఒక రోజు 2 మిల్లీగ్రాములు, మర్నాడు 3 ఉంటాయి. ఆఖరి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) ఎంత, ఏ తేదీన చూశారు, మళ్ళీ ఎప్పుడు చూడాలి? ఈ మూడూ రాయకుండా ఎసిట్రోమ్ వరస పూర్తికాదు. మధ్యలో ఎవరైనా మెట్రోనిడజోల్ రాస్తే డాక్టరుకి చెప్పాలి, రక్తం మరీ పలచబడుతుంది.

ఉద్దానం_కొబ్బరి
జిల్లా సంగతి ఒకటి ఎవరూ అనలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపునుంచి వచ్చే పెద్దవాళ్ళని కిడ్నీ బాగుందని అనుకుని మందులు మొదలెట్టకూడదు. ఈ ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతంలో సుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీ జబ్బుంటుంది, కాళ్ళవాపు లేకుండా లోపల్లోపలే ముదురుతుంది. అందుకని చేర్చుకునే ఫారంలోనే ఒక గడి పెట్టండి: చివరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఏ తేదీది, వయసు పట్టి ఈజీఎఫ్‌ఆర్ (దాన్నిబట్టి కిడ్నీ ఎంత వడకడుతోందో వేసే లెక్క) ఎంత. బక్కపలచని ముసలమ్మకి క్రియాటినిన్ 1.4 అంటే చూడ్డానికి కొంచెమే ఎక్కువనిపిస్తుంది, లెక్కేస్తే ఈజీఎఫ్‌ఆర్ నలభై కింద ఉండొచ్చు.

ఈజీఎఫ్‌ఆర్ 30 కింద ఉంటే మెట్‌ఫార్మిన్ ఇవ్వరు. 30 నుంచి 45 మధ్య ఉంటే కొత్తగా మొదలెట్టరు, వాడుతున్నవాళ్ళకి తగ్గిస్తారు. గ్లిబెన్‌క్లమైడ్, అంటే డావోనిల్, ముసలివాళ్ళకే మంచిది కాదు, కిడ్నీ కూడా పాడైతే సుగరు పడిపోయి లేవదు. ప్రిగాబలిన్ తగ్గించకపోతే మనిషి మత్తుగా ఉండి పడిపోతాడు. డిగాక్సిన్ ఒంట్లో నిలవుంటుంది. మెథోట్రెక్సేట్ అయితే మరీ అపాయం.

నొప్పి బిళ్ళలు వేరే చెప్పాలి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ సంచిలో కనబడితే తీసి పక్కన పెట్టి డాక్టరుని అడగండి. రాజాం మేస్టారు చెప్పిన జీరోడాల్ పీలో ఉన్నది అసిక్లోఫెనాకే. పల్లెల్లో ఒళ్ళు నొప్పులకని పొట్లాలు కట్టిస్తారు, అందులో ఏటుందో కట్టినవాడికే తెలియాలి.

డయాలిసిస్ అయ్యేవాళ్ళయితే ఏ రోజులు వెళ్తారో చార్టు పైన రాయండి. ఆ పొద్దున్న బీపీ బిళ్ళ వేయాలా, వచ్చాక వేయాలా అన్నది డయాలిసిస్ యూనిట్‌నే అడగాలి, మనిషిని బట్టి మారుతుంది. ఫాస్ఫరస్ తగ్గించే బిళ్ళలు అన్నంతోపాటే వేయాలి, ఖాళీ కడుపున వేస్తే వేసినా ఒకటే వేయకపోయినా ఒకటే. ఇంకోటి: చుట్టాలు ప్రేమగా తెచ్చే కొబ్బరిబొండాలు. పొటాషియం ఎక్కువున్న కిడ్నీ రోగికి, పైగా టెల్మా, స్పైరోనోలాక్టోన్ వేసుకునేవాళ్ళకి, అది తాగించే విషయం డాక్టరు నిర్ణయించాలి. ఈ మాట ఉద్దానంవాడే చెప్తున్నాడంటే ఎంత బాధో చూడండి.

పెద్దచెరువు
వారానికి సరిపడా బిళ్ళలు సర్ది పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలు కొంటే సగం గొడవ తీరిపోదా? పిల్లలు ఇంట్లోనే నింపి పంపేస్తారు.

సిస్టర్_టెక్కలి
తీరదు, పెరుగుతుంది. డబ్బాలో పడ్డ బిళ్ళకి పేరుండదు. తప్పుగా నింపితే వారమంతా అదే తప్పు జరుగుతుంది, ఆయాకి పట్టుకునే దారే లేదు. ఇంటినుంచి నింపి తెచ్చిన డబ్బా వాడకూడదు.

గంటస్తంభం
సిస్టర్ గారూ, సగమే ఒప్పుకుంటాను. ఇంటినుంచి తెచ్చినది వద్దు, నిజమే. కానీ చార్టు ఖరారయ్యాక, పగటిపూట సిస్టరు నింపి ఇంకొకరు లెక్కపెట్టి చూసిన ఒక్కరోజు డబ్బా రాత్రి ఆయా చేతికిస్తే, పట్టీల గుట్టలోంచి ఆవిడ ఏరడం కంటే నయం. అది కూడా చేరిన మూడు నాలుగు రోజుల తర్వాతే, మోతాదులు ఇంకా మారుతున్నప్పుడు కాదు. తడికి పాడయ్యే వాల్‌ప్రోయేట్ లాంటివి, నాలిక కింద పెట్టేవి పట్టీలోనే ఉంచండి.

సిస్టర్_టెక్కలి
ఒక్కరోజుదైతే సరే. వారందైతే నా మాట అదే.

బొబ్బిలి_కోట
డయాబెటిస్ ఎడ్యుకేటర్‌ని. ఇన్సులిన్‌కి వేరే కాగితం ఉండాలి, బిళ్ళల చార్టులో ఇరికించకండి.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి, ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్నవి, 100 యూనిట్లున్నవి. సిరంజిలు కూడా రెండు రకాలు. 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. 100 బలం ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు వెళ్తాయి. తిరగేసి, 40 బలం సీసాని నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వెళ్ళేది 8 యూనిట్లే. ఇంటిదగ్గర పెన్ను వాడేవాళ్ళు ఆశ్రమానికి వచ్చినప్పుడు సూదులు లేవని పెన్ను కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగడం చూస్తుంటాం. కార్ట్రిడ్జిలో ఉండేది సాధారణంగా 100 బలం, కొన్ని పెన్నుల్లో ఇంకా ఎక్కువ. అలా లాగవద్దు, సూదులు తెప్పించండి. సీసా, దానికి తగ్గ సిరంజి ఒకే కవర్లో పెట్టి మనిషి పేరు రాసి ఉంచితే ఈ తప్పు చాలావరకు పోతుంది.

రాసేటప్పుడు "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. ఇంగ్లీషు పొట్టి అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. పేరు కూడా పూర్తిగా కావాలి. మిక్స్‌టార్డ్ అయితే తిండికి ముందు, లాంటస్ అయితే రోజూ ఒకే గంటకి. వట్టి "ఇన్సులిన్ 14" అని ఉంటే అది ఆర్డరే కాదు. సీసా మూత తీసిన తేదీ దానిమీదే రాయండి, చాలా రకాలు 28 రోజుల తర్వాత పారేయాలి.

మొదటి మూడు రోజులు తిండి మారుతుంది. ఆసుపత్రిలో ఇడ్లీ రెండు, ఇక్కడ అన్నం, లేదా బెంగతో ఏమీ తినకపోవడం. అందుకని పళ్ళెం ముందుకొచ్చి తినడం మొదలెట్టాకే ఇన్సులిన్ చేతికి తీసుకోమని కొందరు డాక్టర్లు చెప్తారు, మీ డాక్టరుని అడిగి రాయించుకోండి. తిండికి ముందు, పడుకునేముందు, తెల్లవారుజాము మూడింటికి ఒకసారి సుగరు చూడండి. 70 కంటే తగ్గితే, తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంటకి మళ్ళీ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన సుగరు ఒకసారి లేచినా మళ్ళీ పడుతుంది, లేచింది కదా అని ఆ రాత్రి వదిలేయకూడదు.

నాగావళి_గట్టు
అందరికీ దండాలు. ఇంకొన్ని సందేహాలు. డాక్టరుగారు ఫోన్లో చెప్పింది రాసుకోవడం ఎలాగ? ముక్కులోంచి గొట్టం ఉన్నవాళ్ళకి బిళ్ళలు నూరి పోస్తున్నాం, అది సరేనా? ఇంటివాళ్ళు తెచ్చిన అక్కర్లేని మందులు ఏం చేయాలి?

గంటస్తంభం
ఫోన్ ఆర్డర్: విన్నది రాసి, రాసింది తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే ఫోన్ పెట్టేయాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకలాగే వినబడతాయి, "ఒకటి అయిదు" అనో "అయిదు సున్నా" అనో విడదీసి అడగండి. మందు పేరు అక్షరాలవారీగా. తేదీ, గంట, విన్నవాళ్ళ సంతకం, ఆర్డర్ చెప్పిన డాక్టరు పేరు. వచ్చే రౌండులో ఆ వరస పక్కన డాక్టరు సంతకం. కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపితే ఇంకా మంచిది, కానీ అందులో ఒక్క పేజీయే కాకుండా మీ మూడు గళ్ళ కాగితం కూడా పంపండి. డాక్టరుకి అప్పుడే తేడా కనబడుతుంది. డాక్టర్లు మందుల అసలు పేర్లు చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన మార్చింది. గీతలు అర్థం కాకపోతే మళ్ళీ రాయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మందులకొట్టు_రాజాం
గొట్టం గురించి. పట్టీ మీద పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్, సీఆర్, క్రోనో అని ఏదున్నా నూరకూడదు. రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా దిగిపోతుంది. పాంటోప్రజోల్ లాంటి పూతబిళ్ళ నూరితే కడుపులో ఆమ్లానికి పాడైపోతుంది. ఇలాంటివాటికి సిరప్పో, పొడో, వేరే మందో రాయమని డాక్టరుని అడగాలి. నూరగలిగేవి కూడా అన్నీ కలిపి నూరవద్దు. ఒక్కోటీ విడిగా నీళ్ళలో కలిపి పోసి, మధ్యలో గొట్టాన్ని నీళ్ళతో కడగండి. ఎప్టోయిన్ గొట్టం తిండితో కలిస్తే సరిగ్గా ఒంటికి పట్టదు, తిండికీ దానికీ ఎంత ఎడం ఇవ్వాలో రాయించుకోండి.

థైరాయిడ్ బిళ్ళ పొద్దున్నే ఖాళీ కడుపున, టిఫినుకి అరగంట నుంచి గంట ముందు. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో. ఆశ్రమాల్లో పొద్దున్న ఎనిమిదింటికి అన్నీ ఒకే గుక్కలో వేసేస్తారు, ఇక థైరాయిడ్ పనిచేయట్లేదని మోతాదు పెంచుకుంటూ పోతారు.

సిస్టర్_టెక్కలి
అక్కర్లేని మందులు సంచిలోనే ఉంచితే రెండోరోజు మళ్ళీ ట్రేలోకి వచ్చేస్తాయి. లెక్కపెట్టి, జాబితా రాసి, ఇంటివాళ్ళ సంతకం పెట్టించి వాళ్ళకే ఇచ్చి పంపండి. అదే కాగితంలో ఆపిన మందు పేరు, ఎందుకు ఆపారో ఒక్క ముక్క రాయండి. లేకపోతే వచ్చే నెల పిల్లలు పాత చీటీ పట్టుకెళ్ళి మళ్ళీ అవే కొని తెస్తారు.

పీల్చే మందు ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. రోటాక్యాప్‌లు చూడ్డానికి మింగే క్యాప్సూల్‌లాగే ఉంటాయి. ఆయాలు వాటిని మిగతా బిళ్ళలతో కలిపి నీళ్ళతో మింగించేస్తారు. పరికరంతో కలిపి వేరే డబ్బాలో పెట్టండి, మీద "మింగేది కాదు" అని తెలుగులో రాయండి.

పెద్దచెరువు
ప్యాచ్ సంగతి? మతిమరుపుకి అంటించేవి ఉంటాయి కదా.

సిస్టర్_టెక్కలి
రివాస్టిగ్మిన్ ప్యాచ్. రోజుకొకటి. కొత్తది అంటించే ముందు పాతది తీయాలి, వీపు మీద అంటించినది మనిషికి కనబడదు కాబట్టి రెండు మూడు ఉండిపోతాయి, వాంతులు, నాడి నెమ్మదించడం మొదలవుతాయి. చేరిన రోజు స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా ఒకసారి చూడమని ఆయాకి చెప్పండి. ప్యాచ్ మీద అంటించిన తేదీ పెన్నుతో రాసి, ఎక్కడ అంటించారో చార్టులో రాయాలి. నొప్పికి వాడే ఫెంటనిల్ ప్యాచ్ అయితే సాధారణంగా మూడు రోజులకొకటి, దాన్ని రోజూ మార్చకూడదు. తీసినదాన్ని జిగురు లోపలికి మడిచి పారేయండి, చెత్తబుట్టలో విప్పి ఉంచవద్దు.